మట్టం తాత సరిచేసిన భూమి

లోకంలో వంకర లేని చోటంటూ ఒకటుంటే అది తన వడ్రంగి కొట్టేనని మట్టం తాత నమ్మకం. ఆయన అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. ఆయనకైనా జ్ఞాపకముందో లేదో. జేబులో ఎప్పుడూ రసమట్టం, చేతిలో దారానికి కట్టిన ఇత్తడి తూకంగుండు. గాజుగొట్టంలో బుడగ నడిమధ్యన నిలబడితే తప్ప ఏ వస్తువూ ఆ కొట్టు గడప దాటేది కాదు. మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టినా సరే, నీళ్ళు ఏ పక్కకి ఒరిగాయో చూసి, బల్ల కాలి కింద అట్టముక్క దోపి, అప్పుడు గుటక వేసేవాడు.

ఆయన పెళ్ళినాడు ఫొటోలవాడు కెమెరా కాస్త వంచి పెట్టాడట. పెళ్ళికొడుకు ఉండబట్టలేక కుర్చీలోంచి లేచి వెళ్ళి, కెమెరా మీద రసమట్టం పెట్టి, బుడగ చూసి సరిచేశాడట. సరిగ్గా అప్పుడే మీట నొక్కుకుపోయింది.

"ఇవన్నీ కోతలు కాదూ, మామయ్యా?" అని కోడలు దెప్పితే, "ఫొటో గోడ మీదే ఉందిగా, వెళ్ళి చూసుకో" అనేవాడు. ఫొటో నిజంగానే ఉంది. అందులో పెళ్ళికూతురు ఒక్కతే ఉంది. నిటారుగా కూర్చుని, కోపంగా చూస్తూ ఉంది.

అలాంటి మనిషి కొట్టులోకి ఓ సోమవారం సాయంత్రం మనవరాలు గోనెసంచి ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ పిల్లని అందరూ పిడుగనే పిలుస్తారు. చదివేది ఏడో తరగతి, కొట్టుకి ఎదురుగా ఉన్న బళ్ళోనే. ఇంట్లో పిడుగు, బళ్ళో పిల్లి. కిందటేడు బడి సభలో నాలుగు మాటలు చెప్పమంటే వేదిక ఎక్కి, మైకు వైపు చూసి, మైకు తన వైపు చూస్తోందని జడుసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా దిగొచ్చేసింది. ముందు వరసలో కూర్చున్న తాతకి ఆ రోజు చూసిన పిడుగు మొహం ఇంకా మరుపు రాలేదు.

"తాతయ్యా! భూమి విరిగిపోయింది!"

"నన్నడుగుతావేమే? నేను పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాను."

సంచిలోంచి బడి గోళం బయటికొచ్చింది. బీరువా మీంచి చీపురు తగిలి కిందపడిందట. పీట రెండు చెక్కలైంది. గోళాన్ని పట్టుకునే ఇనుప వంపు చివరికంటా విరిగింది. భూమికి మాత్రం దెబ్బ తగల్లేదు, ఓ సముద్రంలో పాత సిరామరక తప్ప.

"బళ్ళో ఉన్నది ఇదొక్కటే తాతయ్యా. శుక్రవారం తనిఖీకి ఆఫీసరుగారొస్తున్నారు. ఎండాకాలం, చలికాలం ఎందుకు మారతాయో గోళం తిప్పి చూపించాలి. ఎవరు చెబుతారని టీచర్ అడిగితే నేను చెయ్యెత్తాను. నేనే ఎత్తాను!"

తాత ఉలి కింద పెట్టాడు. "చెయ్యెత్తావా? మరి నోరో?"

"నోరు శుక్రవారం తెరుస్తాను."

ఇంకేం కావాలి ముసలాయనకి? ఒప్పుకున్న పనులన్నీ పక్కకి నెట్టేశాడు. పక్కవీధివాళ్ళ తలుపు వారం ఆగింది. విరిగిన ముక్కలన్నీ జోడించి చూశాక గోళం ఎందుకు పడిందో ఆయనకి అరటిపండు ఒలిచినట్టు అర్థమైపోయింది. పాపం చీపురుదేం తప్పు? ఎవడో పనిరాని మనిషి గోళానికి గుచ్చిన ఊచని ఏటవాలుగా బిగించాడు. ఇన్నేళ్ళు పక్కకి ఒరిగి నిలబడితే ఏ వస్తువు పడదు?

మంగళవారమంతా కూర్చుని టేకుచెక్కతో కొత్త పీట చేశాడు. నున్నగా చిత్రిక పట్టాడు. నడిబొడ్డున రంధ్రం తొలిచి ఊచ దించాడు. ఊచ పక్కన తూకంగుండు వేలాడదీసి, ఒంటికన్ను మూసి చూశాడు. దారానికీ ఊచకీ మధ్య వెంట్రుక పట్టేంత తేడా లేదు. ఇనుప వంపు పాత సామాన్ల పెట్టెలోకి పోయింది. గోళం ఊచ మీద నిటారుగా నిలబడింది, హాజరు పిలిస్తే లేచి నిలబడ్డ పిల్లాడిలా.

"భూమి ఇన్నాళ్ళకి మనిషి చేతిలో పడింది" అన్నాడు తాత, మీసం సవరించుకుంటూ.

బుధవారం ఆ గోళం బడికెళ్ళింది. సాయంత్రం పిడుగు మొహం వేలాడేసుకుని వచ్చింది. సంచి మళ్ళీ చేతిలోనే ఉంది.

"ఏమే, బాగోలేదన్నారా?"

"చాలా బాగుందన్నారు టీచర్. ఇంత అందమైన పీట ఎక్కడా చూడలేదట." పిల్ల కాసేపు గోళ్ళు గిల్లుకుంది. "కానీ తాతయ్యా... భూమి వంకరగా ఉండాలట."

సుత్తి గాల్లోనే ఆగింది. "ఎవరన్నారు?"

"టీచర్."

"ఆవిడ వడ్రంగా?"

"పుస్తకంలో కూడా ఉంది."

"పుస్తకం రాసినవాడు వడ్రంగా?"

అన్నం క్యారేజీ తీసుకెళ్ళడానికి వచ్చిన కోడలు గుమ్మంలో నిలబడి నవ్వింది. "భూమిని చేసినాయన మిమ్మల్ని ఓ మాట అడగాల్సింది, మామయ్యా. తొందరపడ్డాడు."

"నువ్వు ఊరుకో అమ్మా. ఇది పని గురించిన మాట." తాత పిడుగు వైపు తిరిగాడు. "యాభై ఏళ్ళనించీ ఈ చేత్తో వంకర పని చేయలేదు. నిటారుగా చేసినదాన్ని మళ్ళీ వంచమంటే ఈ చెయ్యి ఒప్పుకోదు."

"క్లాసులో అందరూ నవ్వారు తాతయ్యా. మీ తాత భూమికి నడుంనొప్పి నయం చేశాడన్నారు." పిల్ల గొంతు సన్నబడింది. "పోనీలే. శుక్రవారం ఇంకెవర్నైనా చెప్పమంటాను."

ఈ మాట తాతకి మేకులా దిగింది. సభ రోజు మొహం మళ్ళీ కళ్ళ ముందు ఆడింది. అయినా పట్టు వదలడానికి మనసొప్పలేదు. "ముందు నాకు చూపించు. ఒరిగితే వచ్చే లాభమేమిటో ఈ కళ్ళతో చూస్తాను."

కొట్టులో సందెచీకటి పడుతోంది. పిడుగు పనిబల్ల నడుమ దీపం పెట్టింది. గోళం మీద తమ ఊరు ఉండే చోట ఎర్రకాగితం ముక్క అంటించింది. నిటారు గోళాన్ని చేతుల్లో పెట్టుకుని దీపం చుట్టూ నడిచింది.

"ఈ దీపం సూర్యుడు. ఒక చుట్టు తిరిగితే ఏడాది. ఇక్కడ ఎర్రకాగితం మీద వెలుగు ఎంతుంది?"

"బాగానే ఉంది."

"మూడు నెలలు నడిచాను. ఇప్పుడు?"

"అంతే ఉంది."

"ఆరు నెలలు. ఇప్పుడు?"

"అంతే... ఏమే, కదలట్లేదేం?"

"అదే మరి! నీ భూమి మీద ఏడాదంతా ఒకటే ఎండ. పగలూ రాత్రీ ఎప్పుడు చూసినా సమానం. ఎండాకాలం రాదు, చలికాలం రాదు. స్వెటర్లు అల్లేవాళ్ళంతా ఏమైపోవాలి?"

అప్పుడు పీట ఒక పక్కన చెక్కముక్క ఎత్తు పెట్టి గోళాన్ని ఒరిగించింది. ఒరిగిన తల తలుపు వైపు ఉండేలా పట్టుకుంది. దీపానికి ఏ పక్కకి వెళ్ళినా ఆ తల తలుపు వైపే ఉంచింది. ఒక పక్కన ఎర్రకాగితం మీద వెలుగు నెత్తిన నూనె పెట్టినట్టు తిన్నగా పడింది. అవతలి పక్కకి వెళితే అదే వెలుగు ఏటవాలుగా, పలచగా జారిపడింది.

"చూశావా? తల సూర్యుడి వైపు వాలితే మనకి ఎండాకాలం. ఆరు నెలలకి తల అవతలికి వాలితే చలికాలం. దూరం, దగ్గర కాదు తాతయ్యా. వాలడమే."

దీపం మీద కాదు, బల్ల మీద ఉంది తాత చూపు. ఆ బల్ల గురించి ఆయన నలభై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న సంగతి ఒకటుంది. కట్టుకున్న ఇల్లాలికి కూడా చెప్పనిది.

"రేపు మధ్యాహ్నం తిండికి ఇక్కడికి రా" అన్నాడు చివరికి. "ఒక్కదానివే రా."

గురువారం మధ్యాహ్నం పిడుగు రాగానే తలుపు దగ్గరగా వేశాడు. బల్ల మీద చిత్రిక పొట్టు చేత్తో నెట్టేశాడు. తొమ్మిది అడుగుల బల్ల అంచున వరసగా ఏడు గంట్లు కనిపించాయి. ఉలితో కొట్టినవే. పాతబడి నల్లబారాయి.

"పైన చూడు. కప్పులో అద్దపు పెంకు ఉందా? దాంట్లోంచి బల్ల మీద వెలుగుముక్క పడుతుంది. పెళ్ళైన కొత్తలో నా చేతికి గడియారం లేదు. మిల్లు పన్నెండింటికి కూత కూసినా రంపం మోతలో వినపడేది కాదు. అందుకని ఓ చలికాలం కూత విన్నరోజున వెలుగు ఎక్కడుందో చూసి, ఇదిగో, ఈ చివరి గంటు పెట్టుకున్నాను. వెలుగు గంటు దగ్గరికి రాగానే అన్నం."

"భలే!"

"ఏం భలే? ఎండాకాలం వచ్చింది. గంటు దగ్గరికి వెలుగు రాదే! వస్తుంది, వస్తుందని కూర్చున్నాను. సాయంత్రమైంది. మీ నాయనమ్మ అన్నం పట్టుకొచ్చి, నామీద అలిగావా అని ఏడ్చింది. ఆకలికి నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం కలిసి ఏడ్చాం."

పిడుగు పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వకే. ఈ కప్పు ఎవరు వేశారనుకున్నావ్? నేనే. వడ్రంగి వేసుకున్న కప్పు నెలకో జానెడు జరుగుతోందంటే పరువేముంటుంది? గుట్టుగా నెలకో గంటు పెట్టుకుంటూ పోయాను. ఏడాదికి రెండుసార్లు కప్పెక్కి గుండు వేలాడదీస్తాను. గోడ నిటారే. దూలం మట్టమే. బల్ల మట్టమే. అయినా వెలుగు మాత్రం నడుస్తుంది. బయటపెడితే మట్టం తాతకే మట్టం తప్పిందంటారు."

పిడుగు నవ్వు ఆపేసింది. గంట్ల మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి లెక్కపెట్టింది. "ఈ ఏడో గంటు దాటి వెలుగు ఎప్పుడైనా పోయిందా?"

"లేదు. అక్కడ కొన్నాళ్ళు తచ్చాడి వెనక్కి తిరుగుతుంది."

"ఒకటో గంటు దాటి?"

"అదీ లేదు. అక్కడా వెనక్కే."

"తాతయ్యా!" పిల్ల స్టూలు మీంచి ఎగిరి దూకింది. "కప్పు కదల్లేదు! భూమి ఒరిగి తిరుగుతోంది కదా, అందుకే వెలుగు అటూ ఇటూ నడుస్తోంది. కర్కాటక రేఖ దాకా వెళ్ళి ఆగుతాడు సూర్యుడు, మళ్ళీ మకర రేఖ దాకా వెళ్ళి ఆగుతాడు. పుస్తకంలో ఉంది. ఆ రెండూ నీ ఒకటో గంటు, ఏడో గంటు!"

తాత మెల్లిగా స్టూలు మీద కూర్చున్నాడు. "అయితే కప్పు?"

"నిటారే."

"గోడ?"

"నిటారే."

"బల్ల?"

"మట్టమే తాతయ్యా!"

"మరి వంకరంతా..."

"భూమిది."

మట్టం తాత మొహం చాటంత అయింది. "నేనప్పుడే అనుకున్నా, తప్పు నాది కాదని!"

మిల్లు కూసింది. వెలుగుముక్క ఏడో గంటు మీద అరచెయ్యంత వెడల్పున నిలబడింది. తాత దాని వైపు, చాలాకాలానికి రాజీపడిన చుట్టం వైపు చూసినట్టు చూశాడు.

"ఇంతకీ ఎంత వంకర?"

"ఇరవైమూడున్నర డిగ్రీలు."

"ఆ అర ఎందుకే? ఇరవైమూడంటే సరిపోదా?"

"సరిపోదు."

"అదీ మాట!" తాత తొడ చరిచాడు. "చేతకాక వంకర పోవడం వేరు. కొలిచి పెట్టిన వంకర వేరు. ఎవరో పనితనం ఉన్నవాడే చేశాడు. నీ డబ్బాలో కోణం కొలిచేది ఉందిగా, ఇలా పట్రా."

ఆ సాయంత్రం పిడుగు పెద్ద చెక్క మీద కోణమానిని పెట్టి గీత గీసింది. తాత దాన్ని చివరిదాకా సాగదీసి, తన పద్ధతిలో కొలుచుకున్నాడు. ఇరవైమూడు అంగుళాలు పైకెళితే పది అంగుళాలు పక్కకి. పాత సామాన్ల పెట్టె వైపు తలైనా తిప్పలేదు. కొత్త పీట మీదే ఆ వాలుతో చెక్క చెయ్యి చేసి, ఊచని బిగించాడు. నాలుగుసార్లు కొలిచాడు. వంకర పని చేస్తూ ఆయన అంత జాగ్రత్త పడటం కోడలు మొదటిసారి చూసి, దీపాన్ని ఆయన దగ్గరికి జరిపింది.

పడుకోబోయే ముందు పిడుగు చెయ్యి పట్టుకున్నాడు. "గోళం సంగతి ఎలాగైనా చెప్పుకో. గంట్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. నలభై ఏళ్ళు దాన్ని చూస్తూ కప్పు ఎక్కి దిగానంటే నవ్విపోతారు."

"ఒట్టు" అంది పిడుగు.

శుక్రవారం తాతే గోళం మోసుకెళ్ళాడు. మోసుకెళ్ళినవాడు తిరిగి రావాలి కదా. రాలేదు. భూమికి మరమ్మతు కావాల్సి వస్తుందేమోనని తరగతి కిటికీ బయట నిలబడ్డాడు. ఆఫీసరుగారు పొడుగాటి మనిషి. మెడ కాస్త ఎడమకి వాలి ఉంటుంది. కిటికీలోంచి చెయ్యి పెట్టి సరిచేద్దామా అన్నంత దురద పుట్టింది తాతకి. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

పిడుగు ముందుకొచ్చింది. మొదటి రెండు మాటలూ బల్లకి చెప్పింది. మూడో మాట గోళానికి చెప్పింది. దీపం వెలిగించాక మనుషులకే చెప్పింది. ఒరిగిన భూమిని దీపం చుట్టూ తిప్పి, ఎండాకాలం ఇక్కడ, చలికాలం ఇక్కడ అని చూపించింది. సాంఘికం టీచర్ చిన్నావిడ, పిల్ల చెప్పే ప్రతి మాటా తనూ పెదాలతో కదుపుతోంది.

"బాగా చెప్పావమ్మా" అన్నారు ఆఫీసరుగారు. "పుస్తకంలోది పుస్తకంలో ఉన్నట్టే చెప్పావు. నాదొక్క ప్రశ్న. భూమి ఒరిగి తిరుగుతోందని నీకెలా తెలుసు? నువ్వెక్కడైనా చూశావా?"

పిడుగు నోరు తెరిచింది. మూసింది. కిటికీ వైపు చూసింది.

తరగతి గుసగుసలాడింది. "అయిపోయింది, మళ్ళీ మైకు చూసినట్టయింది" అన్నాడు వెనక బల్ల మీది కళ్ళజోడు కుర్రాడు. టీచర్ మొహం వాడిపోయింది. పిల్ల భయపడిందనే అందరూ అనుకున్నారు. భయం కాదని తెలిసినవాడు అక్కడ ఒక్కడే. అది ఒట్టు. ముసలాడి పరువు కోసం ఆ పిల్ల తన శుక్రవారాన్ని మింగేస్తోంది.

తాత కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "చూసిందండీ!" అని అరిచాడు.

అందరి తలలూ ఇటు తిరిగాయి. ఆఫీసరుగారి మెడ కూడా నిటారైంది.

"అది చూసింది నిన్నే. నేను నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. భూమిది తప్పయితే నా కప్పుదనుకుని, ఏడాదికి రెండుసార్లు ఎక్కి దిగిన వెర్రివెంగళప్పని నేను! చెప్పవే పిడుగూ, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు!"

ఇక చూడాలి. గట్టు తెగిన కాలవే. గంట్లు, మిల్లు కూత, ఎండాకాలం పస్తు, నాయనమ్మ ఏడుపు అన్నీ చెప్పేసింది. చెప్పకపోతే బావుణ్ణనిపించినవి కూడా చెప్పింది. ఆఫీసరుగారు గడియారం చూసుకున్నారు. పన్నెండు కావడానికి పదినిమిషాలుంది. "పదండి" అన్నారు.

తరగతి తరగతంతా వీధి దాటి వడ్రంగి కొట్టులో దూరింది. పొట్టులో కాళ్ళు కూరుకుపోయాయి. బల్ల చుట్టూ మూడు వరసల్లో నిలబడ్డారు. వెలుగుముక్క బల్ల అడ్డంగా మెల్లిగా పాకుతోంది. కూత కూసింది. వెలుగు ఏడో గంటు మీదికొచ్చి కూర్చుంది, ఎవరో పిలిచి పీట వేసినట్టు.

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి కళ్ళజోడు కుర్రాడు గంటు మీద వేలు పెట్టాడు. "తాతగారూ, ఇక్కణ్ణించి రేపు ఎటు వెళుతుంది?"

"రెండు మూడు వారాలు చూస్తూ ఉండు, నాయనా. అదే వెనక్కి తిరుగుతుంది. నేను చెప్పక్కర్లేదు."

ఆఫీసరుగారు బల్ల చివరికంటా నడిచి, ఒకటో గంటు దాకా చేత్తో తడిమారు. "ఇన్నేళ్ళు ఇన్ని బళ్ళు తిరిగాను. భూమి వాలడం ఇవాళే చూశాను" అన్నారు. పిడుగు భుజం తట్టి, "రేపటి నుంచి నువ్వు చెబితే పుస్తకం వింటుంది" అన్నారు.

టీచర్ పిల్లలకి ఇంటిపని ఇచ్చింది. ఎవరింట్లో వాళ్ళు మధ్యాహ్నపు వెలుగు పడే చోట వారానికో గీత గీయాలి. నెల తిరిగేసరికి వీధిలో సుద్దగీతలు లేని గచ్చు లేదు. తుడవడానికి వీల్లేదని ఇల్లాళ్ళంతా వచ్చి మట్టం తాత మీద విరుచుకుపడ్డారు. ఆయన హాయిగా తిట్లు తిన్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం ఇంకో పని మిగిలింది. కోడలు దులుపుతూ పెళ్ళిఫొటోని ఓ పక్కకి వాల్చేసింది. తాత అలవాటుగా లేచి చెయ్యి చాపాడు. చాపినవాడు ఆగాడు.

"పోనీ ఉండనివ్వండి మామయ్యా" అంది కోడలు. "భూమే ఒరిగి ఉందిగా."

తాత పిడుగు డబ్బాలోంచి కోణమానిని తీసి ఫొటోకి ఆనించి, ఒంటికన్ను మూసి చూశాడు.

"పది డిగ్రీలు కూడా లేదు" అని, ఫొటోని నిటారుగా సరిచేసి కూర్చున్నాడు.